కిళ్లీకొట్టు సున్నంతో సైన్సు పాఠం

మా హైస్కూల్లో సైన్సు ప్రయోగాలంటే చాలావరకు నల్లబల్ల మీద బొమ్మలే. పదో తరగతిలో ఈస్ట్ ప్రయోగాన్ని, అంటే ఆక్సిజన్ లేకపోయినా ఈస్ట్ చక్కెరను పులియబెట్టి కార్బన్ డయాక్సైడునీ ఆల్కహాల్‌నీ వదులుతుందని చూపేదాన్ని మాత్రం మాస్టారు చేసి చూపించారు. సామానంతా ఊళ్లోనే సంపాదించారు. ఈస్ట్ బేకరీలో, లిక్విడ్ పారఫిన్ మందుల షాపులో (అక్కడ అది మలబద్ధకానికి మందు), సున్నం కిళ్లీకొట్లో దొరికాయి. ఆ సున్నాన్ని ముందురోజే నీళ్లలో కలిపి, మర్నాడు పైన తేరిన తేటను మాత్రం ఒంపుకున్నారు.

గ్లూకోజ్ నీళ్లు మరిగించి చల్లారబెడుతున్నంతసేపూ బల్ల దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. మరిగిస్తే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ పోతుంది, కుదిపితే మళ్లీ వచ్చి చేరుతుంది. గోరువెచ్చగా అయ్యాక ఈస్ట్ కలిపి, గాలి తగలకుండా పైన సెంటీమీటరు మందాన పారఫిన్ పోశారు. రబ్బరు కార్కులోంచి గాజు గొట్టం, దాని రెండో కొస సున్నపు తేటలో. ఫ్లాస్కుని గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టారు.

చాలాసేపు ఏమీ లేదు. వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి. ఇంతలో గొట్టం కొసన ఒక బుడగ ఉబ్బి తెగింది, కాసేపాగి ఇంకొకటి. బెల్లు కొట్టేసరికి ఆ బుడగల్లోని కార్బన్ డయాక్సైడుకి తేట పలచటి మజ్జిగలా తెల్లబడింది. పక్కనే ఉడికించిన ఈస్ట్ వేసి పెట్టిన రెండో ఫ్లాస్కులో చలనం లేదు. నన్నడిగితే అసలు ప్రయోగం ఆ రెండోదే. అది లేకపోతే బుడగలు ఈస్ట్ పనేనని చెప్పడానికి ఆధారమేదీ? ఈస్ట్ కణాల్ని నూరి పిండిన రసం కూడా చక్కెరను పులియబెడుతుందని 1897లోనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త బుక్నర్ చూపించాడనీ, దానికి 1907లో నోబెల్ వచ్చిందనీ డిగ్రీలో చదివాక, ఉడికిస్తే పాడయ్యేది కణంలో రసాయన చర్యల్ని నడిపే ఎంజైములని అర్థమైంది.

మర్నాడు కార్కు తీయగానే, "కల్లు వాసన సార్!" అని అరిచాడొకడు. వాళ్లది గీత కుటుంబం. నీరా పులవకుండా కుండ లోపల సున్నం పూస్తారని వాడే చెప్పాడు. సున్నం క్షారం కాబట్టి అందులో ఈస్ట్ పెరగదని మాస్టారు వివరించారు. ఇడ్లీపిండి సంగతేమిటని అమ్మాయిలు అడిగితే, అక్కడ ఎక్కువ పని బ్యాక్టీరియాదన్నారు.

తరవాతి యూనిట్ టెస్టులో ఆ బొమ్మే వచ్చింది. గ్యాస్ బయటికి పోవాలంటే ఫ్లాస్కులోని గొట్టం కొస ద్రావణానికి పైనే ఉండాలి; దాన్ని ఈస్ట్ ద్రావణంలో ముంచి గీసినవాళ్లందరికీ మార్కులు కోసేశారు.