తమ్ముడి బీటెక్ సీటు: ర్యాంకు పక్కన పెట్టి నేను చూసినవి

ప్లస్ టూ పాసైన పిల్లలున్న ఒడిశా రాయగడ తెలుగిళ్లలో ఏటా ఒకటే చర్చ. గుణుపురమా, బరంపురమా, భువనేశ్వరమా, లేక రైలెక్కి విజయనగరం, విశాఖ వైపు పోవడమా? మా తమ్ముడి వంతు వచ్చేసరికి కాలేజీ చూసే పని నా మీద పడింది. మావయ్య పేపర్లో వచ్చిన ర్యాంకుల జాబితా తెచ్చి, "ఇందులో పైనున్నది చూసి ఫీజు కట్టేయరా" అన్నాడు.

ఆ ర్యాంకు దేన్ని బట్టి ఇస్తారో ముందు చూశాను. కేంద్రం 2016 నుంచి ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఇంజినీరింగ్ జాబితాలో నూటికి 30 మార్కులు పరిశోధన పత్రాలు, పేటెంట్లు, ప్రాజెక్టుల్లాంటి వాటికే. మరో 10 బయట ఉన్న పేరుకు. మా వాడికి కావలసింది రోజూ క్లాసుకొచ్చి పాఠం చెప్పే సారు. అయితే ర్యాంకు కోసం కాలేజీలు ఇచ్చిన లెక్కలు మాత్రం చాలా పనికొచ్చాయి. వాటిని తమ వెబ్‌సైట్లో పెట్టాలి. ఎంతమంది చేరారు, నాలుగేళ్లలో ఎంతమంది పాసై బయటపడ్డారు, ఉద్యోగం వచ్చినవాళ్ల జీతాలు వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉన్న జీతమెంత, అన్నీ ఉంటాయి. హోర్డింగ్ మీద వేసే పెద్ద ప్యాకేజీ ఒక్కడిది. మధ్యలో ఉన్న ఈ జీతమైతే, సగం మందికి అంతో అంతకన్నా ఎక్కువో వచ్చినట్టు.

కాలేజీల నాణ్యత చూసే జాతీయ సంస్థ న్యాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇస్తారు, సాంకేతిక కోర్సుల నాణ్యత చూసే ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి వారీగా ఇస్తారు. అందుకని మా బ్రాంచికి ఉందా లేదా అని విడిగా చూసుకున్నాను. న్యాక్ విద్యార్థుల సంతృప్తి సర్వేలో మొదటి ప్రశ్న నాకు తెగ నచ్చింది: క్లాసులో సిలబస్ ఎంత శాతం పూర్తయింది?

కాలేజీలకు వెళ్లినప్పుడు అదే అడిగాను. ఆఫీసులో కాదు, గేటు బయట టీ కొట్టు దగ్గర. "కాలేజీ బాగుందా?" అంటే ఎవరైనా "పర్లేదన్నా" అంటారు. సిలబస్ సంగతి అడిగేసరికి పర్లాకిమిడి అబ్బాయి ఒకడు గబగబా చెప్పేశాడు: "డేటా స్ట్రక్చర్స్‌కి సెమిస్టర్ మధ్యలో ఇద్దరు సార్లు మారిపోయారన్నా. చివరి యూనిట్లు యూట్యూబ్‌లో చూసి రాశాం." ర్యాంకుల్లో పైనున్న కాలేజీ అదే. దాని లైబ్రరీలో నెట్‌వర్క్స్ పుస్తకం తీసి వెనకపేజీ స్లిప్ చూస్తే, తారీఖు ముద్ర పడి ఏళ్లయింది.

జాబితాలో బాగా కిందనున్న ఇంకో కాలేజీకి మధ్యాహ్నం, ముందుగా చెప్పకుండా వెళ్లాం. ల్యాబ్‌లో ఒకమ్మాయి సర్క్యూట్ తప్పు కలిపితే మేడమ్ వైర్లన్నీ పీకించి, పక్కనే నిలబడి మళ్లీ కలిపించింది. బయట గ్రూపు గ్రూపుగా నిలబడ్డ పిల్లలు తమ వంతు కోసం చూస్తున్నారు. హాస్టల్లో నీళ్లు సాయంత్రం పూట సరిగా రావని వాళ్లే చెప్పారు. సార్ల మీద మాత్రం ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.

మావయ్యకు నచ్చకపోయినా అక్కడే చేర్చాం. మొదటి సెమిస్టర్ అయ్యాక తమ్ముడికి ఫోన్ చేసి సిలబస్ ఎంతయిందని అడిగాను. మ్యాథ్స్‌లో ఆఖరి యూనిట్ హడావిడిగా లాగేశారట, మిగతావన్నీ క్లాసులోనే పూర్తయ్యాయట.