కవరు విప్పని పుస్తకం

“నువ్వేం ఫ్యాన్‌వి పిన్నీ?” అని చిన్ని అడిగి మూడు గంటలు కావస్తున్నా ఆ మాట నన్ను వదలడం లేదు. వెటకారంగా అని ఉంటే తిరిగి అనడానికి నా దగ్గర బోలెడు మాటలుండేవి. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. బీరువా పైఅరలోంచి తీసిన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, దాని మీది ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పనే లేదని గమనించి అడిగింది. 2023 మే నెలలో వచ్చిన ‘ద సన్ అండ్ ద స్టార్’ పుస్తకాన్ని ఆ నెలలోనే తెప్పించుకుని, ఇప్పటిదాకా ఒక్క పుట కూడా తెరవని మనిషి గ్రీకు దేవతల సంతానం సాహసాల మీద రిక్ రయర్డన్ రాసిన పెర్సీ జాక్సన్ కథలకు అభిమానినని ఎలా చెప్పుకుంటుందన్నది ఆమె సందేహం. పన్నెండేళ్ల పిల్ల అడిగిన దానికి అర్ధరాత్రి కూర్చుని సంజాయిషీ రాసుకునేది నువ్వొక్కతెవేనని ఆయన అటు తిరిగి పడుకున్నారు.

అసలు ఈ పిల్ల మీద నాకు మొన్నటి నుంచే కోపంగా ఉంది. మొదటి ఐదు పుస్తకాలనూ టీవీ సీరీస్ చూసిన ఊపులో తన ఇంట్లోనే ముగించుకుని వచ్చింది. రెండో వరస ఐదూ నావి. అవి ఒకదాని తర్వాత ఒకటి ఆమె చేతుల్లోకి వెళుతుంటే మొదట్లో మురిసిపోయిన మాట నిజమే. మొన్న మధ్యాహ్నం ‘ద మార్క్ ఆఫ్ అథీనా’ చివరికి వచ్చింది. రోమ్ నగరం అడుగున గుహ నేల కూలిపోతుంటుంది, కాలికి చుట్టుకున్న సాలెపోగు పెర్సీ నెచ్చెలి అన్నబెత్‌ను అగాధంలోకి లాగుతుంటుంది, పెర్సీ ఒక చేత్తో రాతి అంచునూ మరో చేత్తో ఆమెనూ పట్టుకుని వేలాడుతుంటాడు. పైనుంచి వాళ్ల స్నేహితుడు నీకో చాచిన చెయ్యి అందదు. మృత్యులోకానికీ పైలోకానికీ మధ్య ఉండే మృత్యుద్వారాల అవతలి వైపుకు మిగతావాళ్లను తీసుకువస్తానని నీకో చేత మాట తీసుకుని, పెర్సీ ఆ అంచును వదిలేస్తాడు. ఇద్దరూ పాతాళపు అట్టడుగు అగాధమైన టార్టరస్‌లోకి పడిపోతారు. ఆ తర్వాత మరో పాత్ర లియో వైపు నుంచి ఒక్క అధ్యాయం, దానితో పుస్తకం సరి. చిన్ని దాన్ని మూసి, లేచి మంచినీళ్లు తాగి వచ్చి, ‘ద హౌస్ ఆఫ్ హేడీస్’ తెరిచింది. నేను గడియారం చూశాను కనుక చెబుతున్నాను, మధ్యలో నాలుగు నిమిషాలైనా గడవలేదు.

ఆ నాలుగు నిమిషాలకు నాకు ఏడాది పట్టింది. రెండో వరసలోని ఐదు పుస్తకాలూ 2010 నుంచి 2014 వరకు ఏటా అక్టోబరులోనే వచ్చేవి కాబట్టి, 2012 అక్టోబరులో పడిపోయిన ఆ ఇద్దరూ 2013 అక్టోబరు వరకు మాకు గాలిలోనే ఉన్నారు. మేమంటే హాస్టల్ గదిలో ముగ్గురం. ముగ్గురికీ కలిపి ఒకటే ప్రతి ఉండేది, వంతులవారీగా చదువుకునేవాళ్లం. ముందు చదువుతున్నవాళ్లు ముఖంలో ఏ భావమూ కనిపించనివ్వకూడదని ఒక నియమం పెట్టుకున్నాం. అది ఎంత కఠినమైన నియమమో పాటించినవాళ్లకే తెలుస్తుంది. నాకన్నా ముందు చదివిన అమ్మాయి ఆ గుహ ఘట్టం దగ్గరకు వచ్చినప్పుడు పుస్తకంతో సహా లేచి స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. బయటికి వచ్చాక ముఖం కడుక్కున్నానని చెప్పింది గాని, ముఖం కడుక్కోవడానికి పుస్తకం ఎందుకని మేమిద్దరం వారం రోజులు ఆమెను వేధించాం. నా వంతు వచ్చాక నేనూ అదే గదిలోకి వెళ్లాను. ఆ పుస్తకం వెనుక అట్ట అంచున నీటి చెమ్మకు ఉబ్బిన మరక ఇప్పటికీ ఉంది. మొన్న చిన్ని దాని మీద వేలు పెట్టి, పుస్తకాలను జాగ్రత్తగా చూసుకోవాలని నాకే చెప్పింది.

ఆ ఏడాదంతా మాకు వేరే పని లేనట్టు ఊహించుకున్నాం. వాళ్లు టార్టరస్ నుంచి బయటపడేసరికి పైలోకంలో ఏళ్లు గడిచిపోయి ఉంటాయన్నది నా వాదన. మొదటి పుస్తకంలోని లోటస్ హోటల్‌లో గడిపిన కొద్దిసేపు బయట ఐదు రోజులైందనీ, నీకో తన అక్కతో కలిసి అదే హోటల్‌లో దశాబ్దాల పాటు వయసు పెరగకుండా ఉండిపోయాడనీ ఆధారాలు కూడా చూపించేదాన్ని. రిక్ రయర్డన్ ఈ కథను మొదట పుస్తకంగా రాయలేదు, శాన్ ఆంటోనియోలో బడిపంతులుగా ఉన్నప్పుడు చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా, ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీ ఉన్న తన కొడుకుకు నిద్రవేళ చెప్పాడు. పెర్సీకి ఆ రెండూ ఉండటానికి కారణం అదే. నిద్రవేళ కథకు సహజంగానే రేపటి రాత్రి దాకా ఆగడం ఉంటుందనీ, అలా ఆగని పిల్లలకు ఈ కథ సగమే దక్కుతుందనీ మొన్న చిన్నికి ఒక ఉపన్యాసమే ఇచ్చాను. ఆమె పుస్తకంలోంచి తల ఎత్తకుండా విన్నది. విన్నదో లేదో నాకు నమ్మకం లేదు.

ఇంతవరకు రాసి, సాక్ష్యం కోసం పాత నోటుపుస్తకం తీశాను. తీయకుండా ఉండవలసింది. నా ఊహలన్నీ అందులో తేదీలతో సహా ఉన్నాయి, వాటిలో ఒక్కటీ నిజం కాలేదు. అది ఫరవాలేదు. ఆ ఏడాది ఆనందంగా ఎదురుచూశానని కదా నేను ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వస్తున్నది, నోటుపుస్తకంలో ఆనందం వెతికినా కనిపించలేదు. సగం పుటల నిండా పోట్లాటలే ఉన్నాయి. పెర్సీకి ఈ కథలో ఎక్కువ చోటు ఇచ్చారా, మరో నాయకుడు జేసన్‌కా అన్న తగవుతో ఆరు రోజులు మాటలు లేకుండా గడిపామని ఉంది. 2010 సినిమాలో పన్నెండేళ్ల పిల్లవాణ్ని కుర్రవాడిగా మార్చేశారన్న ఫిర్యాదు నాలుగు చోట్ల, నాలుగు రకాల సిరాలతో ఉంది. ఇంతటి కోపాన్ని నేను ఎదురుచూపు అని పిలుచుకుంటూ, నాలుగు నిమిషాల్లో తరువాతి పుస్తకం అందుకున్న పిల్లకు నీతులు చెప్పాను. నిజానికి 2012లో ఆ తరువాతి పుస్తకం నా పక్కనే ఉంటే నేను మంచినీళ్ల కోసం కూడా లేచేదాన్ని కాదు.

ఆ నోటుపుస్తకంలో రాయని విషయం ఇంకొకటి ఉంది, దాన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. 2013లో పుస్తకం వచ్చినప్పుడు చీటీలు వేస్తే నా వంతు అందరికన్నా చివర, మూడోదిగా పడింది. అంకిత వాక్యంలోనే రచయిత వెనకటి పుస్తకాన్ని అలా ఆపేసినందుకు క్షమించమని, అంతలోనే అదేమీ లేదని పాఠకులను చూసి నవ్వాడు. ఆ ఒక్క పుట మాత్రం ముగ్గురం కలిసి చదివి మండిపడ్డాం. కథలో మొదటి అధ్యాయాలు మరో పాత్ర హేజెల్‌వి, అంటే ఏడాది ఆగినవాళ్లు ఆ ఇద్దరి కోసం ఇంకా కొన్ని పుటలు ఆగాలి. నాకు మాత్రం వంతు దాకా కూడా ఆగడం చేతకాలేదు. ఆ రాత్రి మొదటి వంతు అమ్మాయి నిద్రపోయాక ఆమె దిండు పక్కనుంచి పుస్తకం లాగి, ఫోన్ వెలుగులో చివరి పుటలు చదివాను. పెర్సీ బతికి ఉన్నాడు, నక్షత్రాలను చూస్తున్నాడు, బాబ్ పలకరించమన్నాడని వాటికి చెబుతున్నాడు. పుస్తకం మళ్లీ దిండు పక్కన పెట్టి, ఈ బాబ్ ఎవరో అనుకుంటూ నిశ్చింతగా నిద్రపోయాను.

బాబ్ ఎవరో నాకు వారం తర్వాత తెలిసింది. అతను ఇయాపెటస్ అనే టైటన్, అంటే గ్రీకు దేవతలకు ముందుతరం వాడు. పెర్సీ ఒకప్పుడు అతన్ని లీథీ నదిలోకి లాగి జ్ఞాపకాలన్నీ తుడిచిపెట్టి, నోటికి వచ్చిన పేరు పెట్టి స్నేహితుడివని నమ్మించాడు. ఆ సంగతి చెప్పే చిన్న కథను నేను అప్పటికి చదవలేదు. ఆ బాబే చీపురు పట్టుకుని, ఎముకల పిల్లికూనను వెంటబెట్టుకుని, టార్టరస్‌లో ఆ ఇద్దరికీ దారి చూపిస్తాడు. చివరకు మృత్యుద్వారాల లిఫ్టు పైకి చేరాలంటే కింద ఎవరో ఒకరు 12 నిమిషాల పాటు మీట నొక్కి ఉంచాలి. ఆ నొక్కేవాడు బాబ్. సూర్యుడినీ నక్షత్రాలనూ తన తరఫున పలకరించమని చెప్పి అతను అక్కడే ఉండిపోతాడు. దాని తర్వాత పెర్సీ నక్షత్రాల వైపు చూసే ఆ చివరి ఘట్టం వస్తుంది. నా స్నేహితురాళ్లిద్దరూ ఆ పుట దగ్గర ఏడ్చి, ఆ రాత్రే మేడ మీదికి వెళ్లి ఆకాశానికి ఆ కబురు అందజేసి వచ్చారు. నేనూ వాళ్లతో వెళ్లాను, చెయ్యి కూడా ఊపాను, కానీ నాకు ఏడుపు రాలేదు. నాకు రావలసిన కన్నీళ్లను దొంగతనంగా వారం ముందే ఖర్చు చేసుకున్నాను, అదీ ఏమీ అర్థం కాకుండా.

పదేళ్ల తర్వాత, మార్క్ ఒషిరోతో కలిసి రయర్డన్ రాసిన ‘ద సన్ అండ్ ద స్టార్’ వచ్చింది. నీకో, అతని ప్రియుడు విల్ కలిసి బాబ్ కోసం టార్టరస్‌కు వెళతారు. వార్త తెలిసిన రోజున నా హాస్టల్ స్నేహితురాళ్లిద్దరికీ సందేశం పంపాను. ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టారు. స్నానాలగదిలో గడియ పెట్టుకున్న అమ్మాయి మాత్రం, “బాబ్ ఎవరే?” అని అడిగింది. దానికి నేను ఇంకా జవాబు ఇవ్వలేదు. ఆ కారణంగానే పుస్తకం తెరవలేదని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. ఈ రాత్రి మాత్రం అది నిజం కాదని ఒప్పుకోవలసి వస్తోంది. కవరు విప్పితే నా చెయ్యి తిన్నగా చివరి పుటకే వెళుతుంది, ఆ చేతి సంగతి నాకు తెలుసు.

ఇదంతా చిన్నికి ఎలా చెప్పను? ఇవాళ రాత్రి బాబ్ దగ్గరకు వచ్చాక ఆమె నా గదికి పరుగెత్తుకు వచ్చి, బతికే ఉన్నాడా అని అడిగింది. తెలియదని చెబితే నమ్మలేదు. బీరువా వెతికి పుస్తకం పట్టుకుంది, కవరు చూసింది, ఆ మాట అంది. నాకు తక్షణం తోచిన సమాధానం పెద్దరికంగానే ఉంది. రెండో వరసలో చివరిది ఒకటీ, ఆ తర్వాత అపోలో కథలు ఐదూ, మొత్తం ఆరు పుస్తకాలు మధ్యలో ఉన్నాయనీ, వాటిని దాటేసి దీన్ని చదివితే అర్థం కాదనీ చెప్పాను. “అర్థం కాకపోతే తర్వాత అర్థం చేసుకుంటాలే పిన్నీ,” అని ఆమె పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. నాకు వెంటనే కోపం వచ్చింది. అది ఆరు పుస్తకాలు దూకేస్తున్నందుకు వచ్చిందనే అప్పుడు అనుకున్నాను.

ఇందాక నీళ్ల కోసం లేచినప్పుడు హాలులోని చెత్తబుట్టలో ఆ కవరు కనిపించింది. పళ్లతో చింపినట్టుంది. పిల్ల గదిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఏ పుటలో ఉన్నావని అడుగుదామని తలుపు దాకా వెళ్లి, లోపల ఆమె చదువుతున్న వైపు చూశాను. కుడి చేతి కింద బోలెడు పుటలు, ఎడమ చేతి కింద నాలుగైదు. మొదటి నుంచే చదువుతోంది. అడగకుండా వచ్చేశాను.