కరెంటు బిల్లులో పేరు లేని మనిషి

మార్చి 4, 2026, బుధవారం

బుధవారం అంటే, ఫ్రాన్స్‌లో మేముండే పల్లెకి దగ్గర్లోని పియేగూ సంత. వానైనా చలైనా మేం మానం. పొద్దున్నే కారు అద్దం మీద మంచు పేరుకుపోయింది, గీకేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి. మా ఆయన కారు పెట్టుకోడానికి చోటు వెతుక్కుంటుంటే నేను సంచులు తీసుకుని ముందే దిగిపోయాను.

ఈ సంతలో కాసేపు తిరిగితే చాలు, ఎటు చూసినా ఇంగ్లీషు మాటలే. మేకపాల చీజ్ అమ్మే అమ్మాయి ధర రెండు భాషల్లోనూ చెబుతుంది. కాఫీ కొట్టు ముందు బల్లల దగ్గర యార్క్‌షైర్ యాస, బర్మింగ్‌హామ్ యాస, మధ్యలో మా గోదావరి యాసతో నా ఇంగ్లీషు. ఫ్రాన్స్ మొత్తం మీద బ్రిటిష్ వాళ్ళు లక్షన్నర దాకా ఉంటారంటారు. వాళ్ళలో చాలామంది పారిస్‌లో కాదు, ఇలాంటి పల్లెల్లోనే ఉన్నారు.

ఆ మాటకొస్తే ఇంగ్లీషు వాళ్ళకి ఈ నేల కొత్త కాదు. 1152లో ఈ అకితేన్ ప్రాంతాన్నేలే డచెస్ ఎలియనోర్ హెన్రీని పెళ్ళాడింది. రెండేళ్ళకి అతను ఇంగ్లండ్ రాజయ్యాడు. ఆ పెళ్ళితో ఈ నైరుతి ప్రాంతం ఇంగ్లండ్ రాజుల చేతికొచ్చింది, 1453లో కస్తియోన్ యుద్ధంతో చేజారింది. వాళ్ళ కొడుకు రిచర్డ్, సింహహృదయుడని పేరున్న ఆయన, 1199లో బాణం తగిలి ప్రాణం వదిలిన షాల్యూ ఇక్కడికి దగ్గరే. మా ఆయన చుట్టాలెవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాడు.

ఇప్పుడొచ్చిన వాళ్ళు మాత్రం రాజ్యాల కోసం రాలేదు. ఊళ్ళో పిల్లలంతా బోర్దో, తులూజ్ నగరాలకి వెళ్ళిపోయారు, రాతి ఇళ్ళకి తాళాలు పడ్డాయి. ఇంగ్లండ్‌లో ఉన్న చిన్న ఇల్లు అమ్మితే ఇక్కడ తోట, కొట్టంతో సహా పెద్ద ఇల్లు వచ్చేది, ఇంకా చేతిలో నాలుగు డబ్బులు మిగిలేవి. మా అత్తగారి ఊరు గుర్తొస్తుంది నాకు. అక్కడా వీధికి నాలుగిళ్ళు తాళాలే, కొనే వాళ్ళు లేరు.

బ్రిటన్ నుంచి ఇండియా వెళ్ళిపోకుండా ఇక్కడికెందుకొచ్చారని మమ్మల్ని ఇప్పటికీ అడుగుతారు. కారణాలు చాలా ఉన్నాయి, అందులో ఒకటి డబ్బు. బ్రిటన్ ప్రభుత్వ పెన్షన్ ఇండియాలో ఉండి తీసుకుంటే మొదట ఎంతిచ్చారో అక్కడే ఆగిపోతుంది. ఫ్రాన్స్‌లో ఉంటే ఏటా పెరుగుతుంది. పైగా పెన్షన్ వయసొచ్చిన వాళ్ళకి బ్రిటన్ ఎస్1 అనే కాగితం ఇస్తుంది, దానితో ఇక్కడి వైద్యం ఖర్చు బ్రిటనే పెట్టుకుంటుంది. మా ఆయన ఎస్1 మీదే నాకూ వైద్యం. రెండోది, ఈ నేల. మా ఆయనకి మట్టిలో చెయ్యి పెట్టందే పొద్దు గడవదు.

సంతలో లీక్స్, క్యారెట్లు, వాల్‌నట్లు తీసుకున్నాను. కొత్తిమీర దొరికింది, పచ్చిమిరపకాయలు దొరకలేదు. ఓజెయ్ అనే పుల్లటి ఆకుకూర కొనలేదు, మా పెరట్లోనే కొత్త చిగురు వేస్తోంది. ఈ ఊరికొచ్చిన మొదటి వసంతంలో ఎదురింటి రైతు తాతగారు గుప్పెడు ఆకు తెచ్చి చేతిలో పెట్టారు, "చేపల్లోకి బావుంటుంది మదామ్" అంటూ. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను. పులుపు నేరుగా చెవుల వెనకకి పాకింది. ఆ సాయంత్రమే కందిపప్పులో వేశాను. గోంగూరలాగే మూకుడులో పడగానే పచ్చదనం పోయి చింతాకు ఎండిన రంగుకి తిరిగింది, గరిటె తగలకుండానే కరిగిపోయింది. గోంగూర పీచు, గోంగూర వగరు దీనికి లేవు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వేడన్నంలో, ఎండుమిర్చి వెల్లుల్లి పోపుతో, ఈ పల్లెలో ఇంతకంటే ఏం కావాలి? కందిపప్పు మాత్రం పారిస్ లా షాపెల్‌లో ఉన్న కొట్ల నుంచి తెప్పించుకుంటాం. నెయ్యి ఇక్కడి వెన్నతో నేనే కాచుకుంటాను. బ్రెగ్జిట్ తర్వాత, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికొచ్చాక, లండన్ నుంచి వచ్చే చుట్టాలు పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తేవడానికి లేదు. మా ఇంగ్లీషు ఇరుగుపొరుగు చెడ్డార్ కోసం, బేకన్ కోసం ఎంత బెంగ పెట్టుకున్నారో నాకు తెలుసు. తిండి మీద బెంగ చిన్న విషయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇల్లు చేరేసరికి పన్నెండయింది, సైరన్ మోగింది. నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి దేశమంతా ప్రమాద సైరన్లు పరీక్షిస్తారు. ఇక రెండింటి దాకా ఊళ్ళో ఏ తలుపూ తెరుచుకోదు. మందుల షాపు, పోస్టాఫీసు, సిమెంటు కొట్టు, అన్నీ భోజనాలకి మూతే. మొదట్లో మా ఆయనకి ఇదంతా చికాకు. ఇప్పుడు ఆయనే తిని ఓ కునుకు తీసి లేస్తాడు.

రెండున్నరకి రెండిళ్ళ అవతల ఉండే ఇంగ్లీషావిడ దగ్గరికి వెళ్ళాను. డెబ్భై ఆరేళ్ళు. 2018లో భార్యాభర్తలిద్దరూ వచ్చి ఇల్లు కొన్నారు. ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, పాత ఇల్లు బాగుచేసి చూడు అనాల్సింది. కప్పు మార్చారు, సెప్టిక్ ట్యాంకు కొత్త నిబంధనల ప్రకారం మళ్ళీ కట్టించారు, పొయ్యి గొట్టం ఏటా శుభ్రం చేయించి ఆ సర్టిఫికెట్ ఇన్సూరెన్స్ కోసం దాచారు. అన్నీ ఆయనే చూసుకునేవాడు. ఫ్రెంచి ఆయనకి వచ్చు. ఆవిడ తోట, వంట, కుక్క చూసుకునేది. కిందటేడాది ముందేడు ఆయన పోయాడు.

ఇప్పుడు ఆవిడ నివాస కార్డు గడువు మేలో అయిపోతోంది. బ్రెగ్జిట్ ఒప్పందం ప్రకారం 2020 ఆఖరులోగా ఇక్కడ స్థిరపడిన బ్రిటిష్ వాళ్ళకి కార్డులిచ్చారు. అప్పటికే ఐదేళ్ళు నిండిన వాళ్ళకి పదేళ్ళ కార్డు, నిండని వాళ్ళకి ఐదేళ్ళది. 2021లో ఐదేళ్ళ కార్డు అందుకున్న వాళ్ళంతా ఈ ఏడాది పెరిగోలోని ప్రెఫెక్చర్‌కి, అంటే జిల్లా ప్రభుత్వ ఆఫీసుకి, మళ్ళీ కాగితాలు పెట్టుకోవాలి, ఐదేళ్ళూ ఇక్కడే ఉన్నామని చూపించాలి. మా ఇద్దరివీ ఇలాంటివే.

భోజనాల బల్ల మీద ఆవిడ కరెంటు బిల్లులు ఏడాదికో దొంతర చొప్పున పేర్చి పెట్టుకుంది. దొంతరలు చక్కగా ఉన్నాయి, ఒక్కో దాని మీద పెన్సిల్‌తో సంవత్సరం. నేను కూర్చోగానే పైనున్న కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించింది. పేరున్న చోట ఆయన పేరు. రెండో దొంతర, ఆయన పేరే. నీళ్ళ బిల్లు, ఫోను బిల్లు, ఇంటి ఇన్సూరెన్స్, అన్నిటి మీదా ఆయనే. "నేను ఇక్కడ ఉన్నట్టు ఎక్కడా లేదు" అంది. ఏడవలేదు. వేలు మాత్రం ఆ పేరు మీద నుంచి తియ్యలేదు.

దానికి తోడు ఎవరో చెప్పారట, ఇప్పుడు ఫ్రెంచి పరీక్ష పాసైతేనే కార్డు ఇస్తారని. నిద్ర పట్టడం లేదంది. ఈ జనవరి నుంచి వేరే రకం కార్డులకి భాషా పరీక్ష పెట్టిన మాట నిజమే, కానీ బ్రెగ్జిట్ ఒప్పందం కింద ఉన్న వాళ్ళకి అది వర్తించదు. నెమ్మదిగా రెండుసార్లు చెప్పాను. ఆయన పోయాక కూతురి దగ్గర ఇంగ్లండ్‌లో ఉండి వచ్చిన నెలలు కూడా లెక్క వేశాం. ఏడాదిలో ఆరు నెలలు దాటకూడదు, దాటలేదు. ఇక పేరు సంగతి. పన్నుల కాగితాలు ఎక్కడని అడిగాను. లోపలి గదిలో అలమర అడుగున ఒక నీలం ఫైలు. ఇక్కడ పెళ్ళయిన వాళ్ళు పన్ను లెక్క ఇద్దరూ కలిపే ఇస్తారు, అందుకే ప్రతి ఏటా వచ్చే నోటీసు మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. తీసి చూస్తే ఉన్నాయి. ఆయన పేరు కింద ఆవిడ పేరు, పుట్టింటి పేరుతో సహా, వరసగా. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చదివింది.

పాతికేళ్ళ కిందట నేను లెస్టర్‌లో నర్సుగా చేరిన రోజులు కళ్ళ ముందుకొచ్చాయి. అప్పుడు బ్రిటన్ ఆసుపత్రుల్లోకి మన దేశం నుంచి నర్సుల్ని బాగా తీసుకునేవాళ్ళు. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు, ఫోనులో డాక్టరు గడగడా మాట్లాడితే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. మా వార్డు సిస్టర్ ఆ ఫోను నా చేతిలోంచి తీసుకునేది కాదు. పక్కన నిలబడేది, నేను తడబడితే ఒక్క మాట అందించేది, మళ్ళీ నాకే వదిలేసేది. ఆవిడ చేసిన ఆ పని వల్లే నేను ఆ దేశంలో మనిషినయ్యాను. ఆ రోజు నా టెన్షన్ ఎలా ఉండేదో, ఇవాళ ఈవిడదీ అంతే. తేడా ఒక్కటే, నాకప్పుడు ముప్పై మూడేళ్ళు.

పల్లెకి జంటగా వచ్చే వాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఇదే దిగులు. ఒకళ్ళకి భాష వస్తుంది, రెండో వాళ్ళు వాళ్ళ వెనక బతికేస్తారు. ఇద్దరూ ఉన్నన్నాళ్ళూ లోటు తెలియదు. నర్సుగా చూసినదాన్ని గనక చెబుతున్నాను, జబ్బు చేసినప్పుడు నొప్పి ఎక్కడో, ఎలా ఉందో మన నోటితోనే చెప్పుకోవాలి. ఇక్కడ ఇంటికొచ్చి రక్తం తీసే నర్సులున్నారు, కట్టు కట్టి వెళ్ళే నర్సులున్నారు, ఎంతో ఓపికగల వాళ్ళు. కానీ పొద్దున్న ఏడింటికి వచ్చే ఆ అమ్మాయికి వరసగా ఎన్నో ఇళ్ళు. ఈవిడ నాలుగు ముక్కలు మాట్లాడగలిగితే ఆ అమ్మాయి పని ఎంత తేలికవుతుంది! కొత్తగా ఇల్లు కొంటున్న వాళ్ళెవరైనా నన్ను సలహా అడిగితే, వంటింటి టైల్స్ కంటే ముందు ఇద్దరికీ ఫ్రెంచి ట్యూషన్ పెట్టించుకోమంటాను.

వెనక్కి వస్తుంటే రైతు తాతగారు మెరీ ముందు, అదే మన పంచాయతీ ఆఫీసు లాంటిది, నిలబడి ఎన్నికల బోర్డు చదువుతున్నారు. "బోంజూర్ మదామ్" అన్నారు. ముందు బోంజూర్ పడాలి, ఆ తర్వాతే ఏ మాటైనా. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన వాళ్ళన్న మాట ఈ దేశానికి సరిగ్గా అతుకుతుంది. 15న మునిసిపల్ ఎన్నికలు. మా ఊళ్ళో ఒకటే జాబితా, ఆడ మగ ఒకరి తర్వాత ఒకరు. ఇదివరకు చిన్న ఊళ్ళలో నచ్చని పేరు కొట్టేసి వేసేవాళ్ళు, ఈసారి నుంచి ఆ వీలు లేదు. తాతగారికి అది మింగుడు పడటం లేదు. మీరు ఎవరికి వేస్తారని నన్నడిగారు. మాకు ఓటు లేదన్నాను. బ్రెగ్జిట్‌కి ముందు బ్రిటిష్ వాళ్ళు ఇక్కడ ఓటు వెయ్యడమే కాదు, కౌన్సిలర్లుగా కూడా ఉండేవాళ్ళు. 2020 ఎన్నికల నాటికి ఏడు వందలకు పైగా మంది ఆ హక్కు పోగొట్టుకున్నారు. ఇంటి పన్ను కడుతూ, వీధి దీపం గురించి మాట చెప్పే హక్కు లేకపోవడం నాకు బాధే. తాతగారు కాసేపు ఆలోచించి, "అయితే నాకు చెప్పండి, నేను మేయరుకి చెబుతాను" అన్నారు. మా సందు మలుపులో గొయ్యి సంగతి చెప్పాను. గుర్తు పెట్టుకుంటానన్నారు.

సాయంత్రం మా ఆయన వచ్చే చలికాలానికి ఓక్ కట్టెలు చెప్పి వచ్చాడు. ఇక్కడ కట్టెలు స్టేర్ లెక్కన అమ్ముతారు, అంటే పేర్చిన కట్టెలు ఒక ఘనమీటరు. ఇప్పుడే తెచ్చి ఆరబెట్టుకోకపోతే నవంబరులో పొగే గాని మంట ఉండదు. రాత్రికి ఓజెయ్ పప్పు, లీక్స్ వేపుడు.

తొమ్మిదింటికి ఆవిడ ఫోను చేసింది. ఆయన పేరు మీదున్న కరెంటు ఖాతా తన పేరుకి మార్చుకోవాలనుకుంటోందట. "నువ్వు మాట్లాడి పెడతావా డియర్?" అంది. మీరే మాట్లాడండి, నేను పక్కన కూర్చుంటానన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, మొదట ఏమని మొదలుపెట్టాలో రాసుకుంటానంది. ఫోనులోనే రెండు వాక్యాలు చెప్పాను, ఆవిడ రాసుకుని చదివి వినిపించింది. పేరు, ఊరు, ఖాతా నంబరు. అంకెల దగ్గర తొంభైలు కొంచెం తడబడ్డాయి. రేపు పదింటికి చేద్దామనుకున్నాం. ఆ పని అయ్యాక మెరీకి వెళ్ళి, ఊళ్ళో ఉంటున్నట్టు మేయరు సంతకంతో ఒక కాగితం కూడా అడగాలి. అదీ ఆవిడే అడుగుతుంది.