డేటా చెరపడానికి ఒక్క సంతకం: నా అనుభవం

నిన్న సాయంత్రం క్లయింటు నుంచి మెయిల్ వచ్చింది. పేషెంట్ల డేటా ఎలా కాపాడుతున్నామని చూసే అసెస్‌మెంటులో మా కంపెనీ పాసయింది, సరిచేసుకోమన్న రెండు చిన్న అబ్జర్వేషన్లతో. సంతోషంగానే ఉంది. కోపం కూడా ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. నెల ఆగితే పెద్దమనిషి తరహాలో అందరికీ ధన్యవాదాలు చెప్పి ముగించేస్తాను. దానివల్ల ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ఒరిగేదేమీ ఉండదు.

మాది విశాఖపట్నం రుషికొండ ఐటీ హిల్స్‌లో ఓ మధ్యరకం కంపెనీ. డయాగ్నస్టిక్ ల్యాబులకు, చిన్న ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. రక్తం ఇచ్చిన మనిషి పేరు, ఫోన్ నంబరు, ఏ టెస్టు, ఏం తేలింది, అన్నీ మా సర్వర్ల మీదుగానే పోతాయి. నేను టెక్నాలజీ హెడ్‌ని. కార్డు మీద సీటీవో అని ఉంటుంది గానీ, ఏసీ పాడైనా ఫోన్ నాకే వస్తుంది. ఒక పెద్ద ఆసుపత్రుల గ్రూపు కాంట్రాక్టు రెన్యువల్‌కి మెలిక పెట్టింది: కొత్త డేటా రక్షణ చట్టానికి తగ్గట్టు మీ ఇల్లు చక్కబెట్టుకోండి, బాధ్యుడు ఎవరో పేరు రాసివ్వండి, అప్పుడు మాట్లాడదాం అని. ఎండీ గారు లిఫ్టులో నా భుజం తట్టి "నీ పేరు రాసేశానయ్యా" అన్నారు. నా నియామకం అంతటితో అయిపోయింది.

చట్టం చదవడం తేలిక. 2023 ఆగస్టులో వచ్చిన డీపీడీపీ చట్టంలో, అంటే డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, ఉన్నవి 44 సెక్షన్లే. ఒక ఆదివారం పూట చాలు. దాంతోపాటు 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పిన పుట్టస్వామి తీర్పు గురించి కూడా కాస్త చదువుకుంటే, ఈ చట్టం ఎక్కణ్ణుంచి పుట్టిందో తెలుస్తుంది. చట్టం చదవకుండానే చట్టం మీద స్లైడ్లు చేసేవాళ్ళు మన ఊళ్ళో చాలామంది ఉన్నారు. వాళ్ళ మాట వినకండి, మూలం చదవండి.

పేషెంటుకు ఇచ్చే నోటీసు కూడా తేలిగ్గానే అయిపోయింది. ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేంట్లోగానీ చదువుకునే వీలు ఇవ్వాలని చట్టం. లాయరు రాసిచ్చినదాన్ని పక్కన పెట్టి, ఎంవీపీ కాలనీలో ఒక ల్యాబు కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయిల చేత తెలుగులో చెప్పించి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాశాం. ఆసుపత్రి గ్రూపు లాయరు ఒక్క కామా మార్చారంతే.

మధ్యలో హెచ్‌ఆర్ వాళ్ళు నా చేత ఆన్‌లైన్‌లో ఒక నాయకత్వ కోర్సు కూడా కొనిపించారు. అందులో సింహం బొమ్మలు ఎక్కువ. సర్వరు బొమ్మ ఒక్కటీ లేదు. సర్టిఫికెట్ మాత్రం ఫ్రేము కట్టించి రిసెప్షన్లో పెట్టారు.

ఇక అసలు గొడవ. చట్టంలో 8వ సెక్షన్ ఒక మాట అంటుంది: డేటా తీసుకున్న పని అయిపోయాక, వేరే చట్టమేదీ దాచమనకపోతే, దాన్ని చెరిపేయాలి, మీ తరఫున దాన్ని చూసేవాళ్ళ చేత కూడా చెరిపించాలి. ఆ చూసేవాళ్ళం మేమే. వినడానికి చిన్న మాట. విశాఖపట్నంలో ఒక ఐటీ కంపెనీతో ఈ మాట అనడం ఎలాంటిదో, 2014 అక్టోబరు 12న ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను లేదు, సర్వర్ రూములో నీళ్ళు. ఆ దెబ్బతో మా కంపెనీ నేర్చుకున్న పాఠం ఒక్కటే: ప్రతిదీ నాలుగు చోట్ల దాచు. ఇక్కడో కాపీ, హైదరాబాదులో ఒకటి, ముంబై క్లౌడులో ఒకటి, ఇవన్నీ చాలక హార్డ్ డిస్కుల్లో పెట్టి ఎండీ గారి ఇంటి బీరువాలో ఒకటి. దాచడమే మా గొప్ప. కొత్త క్లయింట్లకు అదే చెప్పి అమ్మేవాళ్ళం. అలాంటి చోట "ఇది పారేద్దాం" అన్నవాడు పిచ్చివాడిలాగే కనిపిస్తాడు.

మమ్మల్ని వదిలి వెళ్ళిపోయిన ల్యాబుల డేటా కూడా అలాగే ఉంది. 2016లో షుగరు టెస్టు చేయించుకుని ఆ సంగతే మర్చిపోయిన మనిషి ఫోన్ నంబరు మా దగ్గర భద్రం. దాని మీద మార్కెటింగ్ డైరెక్టరు గారికి ఆశ. ఆయన ఎండీ గారి బావగారు, ఆఫీసంతా ఆయన్ని వెనక బావగారనే అంటాం. ఆ నంబర్లకు ఫోన్లు చేసి హెల్త్ ప్యాకేజీలు అమ్మాలని ఆయన పథకం.

బోర్డు మీటింగులో లేచి చెప్పాను. నేను మాట తక్కువ మనిషిని. ఇరవై ఏళ్ళు స్క్రీనుతో మాట్లాడాను, మనుషులతో కాదు. గొంతు ఎండిపోయింది. ఏ నోటీసూ ఇవ్వని పాత డేటా మన మీద కూర్చున్న బరువని, కొత్త అవసరానికి వాడాలంటే కొత్తగా అనుమతి అడగాలని, భద్రత సరిగ్గా చూడకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉందని చెప్పాను. బావగారు నవ్వారు. "250 కోట్లా? కంపెనీ మొత్తం అమ్మినా రాదు. అంటే మనల్ని ఉద్దేశించింది కాదన్నమాట" అన్నారు. అందరూ నవ్వారు. నిజానికి ఆ జరిమానా పడేది డేటా సేకరించిన ల్యాబు మీద. ఆ ల్యాబు తిరిగి కాంట్రాక్టు పట్టుకుని మా మీద పడుతుంది. అది చెప్పబోయేలోపే రెండో ప్రశ్న: "రూల్స్ వచ్చింది 2025 నవంబరులో. అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలలు ఇచ్చారు. 2027 మే దాకా ఏం తొందరయ్యా?" ఇది ఆయనకు ఎవరో బాగానే చెప్పి పంపారు. తర్వాత అన్న మాట ఇంకా చెవిలో ఉంది: "నీకు జీతం ఇస్తున్నది డేటా పోగేయడానికా, పారబోయడానికా?"

ఎండీ గారు ఏమీ అనలేదు. తర్వాతి అంశానికి వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకు హైదరాబాదు నుంచి కన్సల్టెంటును పిలిపించారు. వందే భారత్‌లో రాక, బీచ్ రోడ్డులో పెద్ద హోటల్లో బస. అదే గది, అదే బల్ల. నన్ను మినిట్స్ రాయమన్నారు, వచ్చినవాళ్ళకు కాఫీలు కూడా నన్నే చెప్పించమన్నారు. ఆయన ముప్పావుగంట మాట్లాడారు. నేను చెప్పిందే. అదే సెక్షన్, అదే వాదన, కాకపోతే టై కట్టుకుని. చివర్లో బావగారు చప్పట్లు కొట్టి నా వైపు తిరిగి "చూశావా, విషయం ఎంత క్లియర్‌గా ఉందో, ఇలా చెప్పాలి" అన్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అని మా అమ్మమ్మ ఊరికే అనేది కాదు. నేను తల దించుకుని ఆ మాట కూడా మినిట్స్‌లో రాసుకున్నాను.

రాసుకుంటూనే ఆయన పంచిపెట్టిన పాలసీ కాగితాలు తిరగేశాను. లోపలి పేజీల్లో రెండు చోట్ల మా పేరు బదులు వేరే కంపెనీ పేరుంది. ఇంకొంచెం ముందుకు వెళ్తే, పేషెంట్లు ఫిర్యాదులుంటే మా డబ్లిన్ ఆఫీసుకు రాయవచ్చని ఉంది. మాకు డబ్లిన్‌లో ఆఫీసు ఉందని నాకు ఆ రోజే తెలిసింది. మాకున్న రెండో ఆఫీసు విజయనగరంలో. "ఈ కంపెనీ ఎవరిదండీ?" అని అడిగితే, "టెంప్లేట్ అండీ, మార్చేస్తాం" అన్నారు. గోప్యత నేర్పడానికి వచ్చిన మనిషి ఇంకో క్లయింటు పేరు మా చేతిలో పెట్టి వెళ్ళారు. పోనీ, పాత నంబర్లు ఉంచుకోవచ్చా అని బావగారు సూటిగా అడిగితే, అంతసేపు చెరపమన్న నోటితోనే "అది పరిస్థితిని బట్టండీ" అన్నారు. ఆ ఒక్క ముక్క బావగారికి చాలు. పని మళ్ళీ ఆగింది.

కాబట్టి కన్సల్టెంటు వద్దని అనను. మీ ఇంటి లెక్క మీరు తేల్చుకున్నాకే పిలవండి. వచ్చిన కాగితంలో మొదట వెతకాల్సింది పక్క కంపెనీల పేర్లు.

దారి చూపించింది అకౌంట్స్ మేడం. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, మీటింగుల్లో నోరు విప్పరు. లంచ్ దగ్గర నా మొహం చూసి అన్నారు: "మీరు చెప్పింది న్యాయమే సార్. కానీ న్యాయానికి వోచరు ఉండదు కదా. కాగితం పెట్టండి. నా దగ్గర వంద రూపాయలు కదలాలన్నా సంతకం కావాలి. ఇన్ని లక్షల మంది రిపోర్టులు ఎవరి సంతకం మీద ఉన్నాయి?"

ఆ రాత్రే ఒక పేజీ తయారు చేశాను. ఏ డేటా, ఎవరిది. ఏ పని కోసం ఉంచాలి. ఎప్పటిదాకా. ఉంచమన్నది ఎవరు, సంతకం, తేదీ. కింద ఒక గీత: ఫలానా తేదీలోగా ఉంచమని సంతకం రాకపోతే చెరిపేస్తాం. దాని కింద చెరపమని నా సంతకం ముందే పెట్టేశాను. చెరిపింది మళ్ళీ రాదు. మాట తప్పించుకోవడానికి వీల్లేని చోట పేరు రాయడం నాకదే మొదటిసారి. ఆ కోర్సులో సింహాలు చెప్పనిది ఇదే అనుకుంటాను.

ఆ కాగితం ప్రయాణం చూడాలి. సేల్స్ వాళ్ళు "మాకు కావాలి" అన్నారు, సంతకం మాత్రం సపోర్టు వాళ్ళు పెట్టాలన్నారు. సపోర్టు నుంచి లీగల్‌కి. లీగల్ సలహాదారు "చూశాను" అని రాసి పొట్టి సంతకం పెట్టారు. దేనికి చూశారో రాయలేదు. బావగారి దగ్గర ఎక్కువ రోజులు పడుకుంది. వెళ్ళి అడిగితే, "మనలో మనకి సంతకాలేంటయ్యా, నమ్మకం లేదా?" అన్నారు. "నమ్మకం ఉంది కాబట్టే మీ పేరు పైన వేశాను సార్" అన్నాను. ఇది నేనే అన్నానా అని ఇప్పటికీ ఆశ్చర్యం. గడువు నాటికి ఉంచమని ఒక్క సంతకం రాలేదు. ఎండీ గారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, చెరపడం వైపు, నా సంతకం పక్కన తనది పెట్టారు.

చెరపడమంటే ఒక బటను నొక్కడం కాదు. వెళ్ళిపోయిన ల్యాబులకు ముందుగా రాశాం, కావాలన్నవాళ్ళకు వాళ్ళ డేటా అప్పగించాం. ఉన్న ల్యాబుల చేత ఏది ఎంతకాలమో రాయించుకున్నాం. డాక్టర్లు పేషెంటు రికార్డు మూడేళ్ళు ఉంచాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన ఉంది, దానికి అడ్డం రాకూడదు. మా సొంత లెక్కల పుస్తకాలు కంపెనీల చట్టం ప్రకారం ఎనిమిదేళ్ళు ఉండాల్సిందే. అందుకని ల్యాబులకు వేసిన మా బిల్లులు ఉంచి, వాటికి తగిలించి ఉన్న పేషెంట్ల జాబితాలు తీసేశాం. క్లౌడులో ఎన్‌క్రిప్ట్ చేసినవాటికి, అంటే రహస్య సంకేతాల్లోకి మార్చి దాచినవాటికి, వాటిని విప్పే డిజిటల్ తాళంచెవులే నాశనం చేశాం. ఎండీ గారి ఇంటి డిస్కులు ఆయన శ్రీమతి పట్టుచీరల బీరువాలోంచి తీసిచ్చారు. వాటిని గాజువాక ఆటోనగర్‌లో ఒక షాపుకు పట్టుకెళ్ళి దగ్గరుండి డ్రిల్లుతో చిల్లులు పెట్టించాను. ఆ కుర్రాడు బాధపడిపోయాడు. "ఏటి సార్, శుభ్రంగా ఉన్న డిస్కులు పాడు చేసేస్తన్నారు" అని. మా బోర్డు కన్నా వాడే ఎక్కువ బాధపడ్డాడు.

తర్వాతివన్నీ చకచకా అయిపోయాయి. డేటా లీకైతే ఏం చేయాలో ఒక ఆదివారం రిహార్సల్ వేశాం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం ఆ సంస్థకు ఆరు గంటల్లో తెలియజేయాలి. కొత్త రూల్స్ అమల్లోకి వచ్చాక ల్యాబు 72 గంటల్లో ఈ చట్టం కింద ఉండే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు వివరంగా రాయాలి, అంటే మేం వాళ్ళకు అంతకన్నా ముందే చెప్పాలి. అప్పుడు ఫోన్ చేయాల్సినవాళ్ళ జాబితాలో ఉద్యోగం మానేసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో ముందు చూసుకోండి. ఇంకో మాట: సర్వర్ల కన్నా ముందు వాట్సాప్ గ్రూపులు వెతకండి. రిపోర్టులు అసలు తిరిగేది అక్కడే.

ఊరంతా ఇప్పుడు డేటా సెంటర్ మాటే. గూగుల్ 1500 కోట్ల డాలర్లు పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించిన దగ్గర్నుంచి ఆటో డ్రైవరు కూడా ఎకరం రేటు చెబుతున్నాడు. ఎన్ని మెగావాట్లు అని అందరూ అడుగుతారు. లోపల పెట్టేది ఎవరిది, ఎన్నాళ్ళు ఉంచుతారు అని నేను అడిగితే మా కాలనీ వాకింగ్ బ్యాచిలో నన్ను ఇప్పుడు అపశకునం పక్షిలా చూస్తున్నారు. అడగడం మానను.

అసెస్‌మెంటుకు వచ్చిన ఆడిటరమ్మాయి రోజంతా కూర్చుంది. టెక్నికల్ కాగితాలు వేగంగా తిప్పేసింది. ఆ ఒక్క పేజీ దగ్గర మాత్రం ఆగి, ఫార్మాట్ ఎవరిదని అడిగింది. అకౌంట్స్ మేడం పేరు చెప్పాను. అబ్జర్వేషన్లు రెండూ సెక్యూరిటీ గేటు దగ్గరివే: సీసీ కెమెరాల కింద బోర్డు లేదు, విజిటర్ల పుస్తకంలో ముందు వచ్చినవాళ్ళ ఫోన్ నంబర్లు తర్వాత వచ్చేవాళ్ళకు కనిపిస్తున్నాయి. బోర్డు పెట్టించాం. పుస్తకం బిల్డింగు యజమానిది, మార్చనంటున్నాడు. ఆయనకూ ఒక కాగితం పంపాను.

కన్సల్టెంటు గారి బిల్లు, పద్దెనిమిది శాతం జీఎస్టీతో సహా, నెల తిరక్కుండా పాసైందట. అకౌంట్స్ మేడం చెప్పారు. నా ఇంక్రిమెంటు ఫైలు బావగారి టేబుల్ మీద సంతకం కోసం ఉంది.