పెరట్లోకి కయోటీలు రాకుండా చేసుకున్న పని: నా అనుభవం

కయోటీ, అంటే అమెరికాలో తిరిగే నక్కలాంటి అడవి జంతువు, కంచె దూకితే చెక్క మీద ఆనవాలు మిగులుతుంది. పలక పైఅంచున పక్కపక్కనే గోళ్ల గీతలు, ఆ పేళ్లలో చిక్కుకున్న బూడిదరంగు వెంట్రుకలు. కింద తడిమట్టిలో కోలగా, రెండున్నర అంగుళాల పొడవున్న అడుగులు. కుక్క అడుగు వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది, అటూ ఇటూ తిరుగుతుంది. కయోటీ అడుగులు తాడు లాగి పెట్టినట్టు ఒకే వరుసలో పోతాయి. అమెరికాలోని టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన, వాగును ఆనుకున్న మా ఇంటి పెరట్లో ఫిబ్రవరిలో ఇవి కనిపించాయి. ఇంట్లో ఉన్నది నాలుగు కేజీల కుక్క. అప్పటి నుంచి ఆగస్టు దాకా ఏమేం చేశానో, అందులో ఏది పనికొచ్చిందో, ఏది దండగో రాస్తున్నాను. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మనవాళ్లు చాలామంది ఇలాంటి వాగుల పక్కనే ఇళ్లు కొనుక్కున్నారు.

మన ఊళ్ల చివర కూసే నక్కకు కయోటీ దగ్గరి చుట్టమే, కాకపోతే కాస్త పెద్దది. ఇక్కడ సాధారణంగా 10 నుంచి 18 కేజీల దాకా తూగుతుంది. ఆరడుగుల కంచెను గాల్లో ఎగిరి దాటడం కన్నా, ఎగిరి పైఅంచును ముందుకాళ్లతో పట్టుకుని, వెనక కాళ్లతో చెక్కను తన్నుకుంటూ ఎక్కి దిగడం దానికి అలవాటు. కంచెకు ఏం చేయాలన్నదంతా ఈ ఒక్క అలవాటు మీదే ఆధారపడి ఉంది. జనవరి నుంచి మార్చి దాకా జతకట్టే కాలం. సుమారు తొమ్మిది వారాలకు, అంటే మార్చి నుంచి మే దాకా పిల్లలు పుడతాయి. అప్పుడు బొరియ దగ్గరికి వచ్చిన పెద్ద కుక్కను కూడా వదలవు.

మనుషుల మీద పడటం అరుదు. అమెరికా, కెనడాల్లో కయోటీల వల్ల ప్రాణం పోయినట్టు నమోదైనవి రెండే: 1981లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో మూడేళ్ల పాప, 2009లో కెనడాలోని కేప్ బ్రెటన్‌లో 19 ఏళ్ల యువతి. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. 2018 చివర్లో, 2019 మొదట్లో ఫ్రిస్కోలో ఎల్డొరాడో పార్క్‌వే చుట్టుపక్కల మనుషుల మీద దాడులు జరిగాయి. 2022 మే నెలలో డాలస్‌లోని వైట్ రాక్ వ్యాలీలో, ఇంటి ముందు వరండాలో ఉన్న రెండేళ్ల బాబును ఒక కయోటీ కరిచింది. ఆ వీధుల్లో కొందరు దానికి తిండి పెట్టి మచ్చిక చేశారని అధికారులు అప్పుడే చెప్పారు. కయోటీకి మనిషంటే భయం పోవడం వెనక దాదాపు ఎప్పుడూ తిండే ఉంటుంది.

అందుకే మొదటి రోజు పని కంచె దగ్గర మొదలవ్వలేదు, వంటింటి దగ్గర మొదలైంది. మిగిలిన అన్నం పిట్టలకని గోడ మీద పెట్టడం మన ఇళ్లలో మామూలే. ఆ మెతుకులకు ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం కయోటీ వస్తుంది. పిట్టల గింజల డబ్బా కింద రాలిన గింజలదీ అదే దారి. కుక్క గిన్నె, నీళ్ల తొట్టి రాత్రి లోపలికి తెచ్చేయాలి. పెరటి చెట్టు కింద రాలిన పండ్లు ఏ రోజువి ఆ రోజు ఏరేయాలి. కంపోస్టులో కూరగాయ తొక్కలు వేసుకోవచ్చు గానీ మాంసం ఎముకలు, చేప ముళ్లు, నూనె అంటిన కూర వేయకూడదు. బార్బిక్యూ పొయ్యి కింద కారిన కొవ్వు గిన్నెను మర్చిపోయేవాళ్లే ఎక్కువ. చెత్తబండి వచ్చే రోజు డబ్బాను ముందు రాత్రి కాకుండా పొద్దున్నే బయట పెట్టాను. ఇవన్నీ చేశాక కూడా పక్కింటి పెరట్లో పిల్లుల కోసం పెట్టిన గిన్నె ఉంటే కయోటీ రావడం మానదు. కాబట్టి అటు ఇటు మూడేసి ఇళ్లకు వెళ్లి మాట్లాడాను. ఈ మొత్తంలో ఖర్చు లేనిదీ, అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఆ ఒక్క సాయంత్రమే.

రెండోది లెక్క రాసుకోవడం. మోకాలి ఎత్తున ఒక ట్రెయిల్ కెమెరా (ఎదుట ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసేది) కట్టి, తేదీ, టైము సరిచూశాను. భుజం ఎత్తున కడితే కెమెరా చూపు జంతువు నెత్తి మీదుగా పోతుంది, ఖాళీ గడ్డి ఫొటోలే వస్తాయి. నగర జంతు విభాగానికి ఫిర్యాదు చేసేటప్పుడు మాట తేడా చాలా ముఖ్యం. దూరంగా పోతుంటే చూడటం ఒకటి. మనిషిని చూసి కూడా పోకుండా నిలబడటం ఇంకొకటి. పట్టీతో ఉన్న కుక్క మీదికి, మనుషుల మీదికి రావడం వేరే స్థాయి. “కయోటీ కనపడింది, భయంగా ఉంది” అని రాస్తే మొదటి ఖాతాలోనే పడుతుంది. ఎంత దూరంలో ఉంది, ఎన్ని ఉన్నాయి, అరిచినప్పుడు ఏం చేసింది, ఒంటి మీద జుట్టు రాలి ఉందా, ఏ వైపు పోయింది అని రాస్తే వాళ్లు దానికి తగ్గట్టు కదులుతారు. నా మొదటి ఫిర్యాదుకు ఏ జవాబూ రాలేదు. రెండోసారి ఈ వివరాలన్నీ, మూడు ఫొటోలూ పెడితే మనిషి వచ్చి వాగు గట్టు చూసి వెళ్లాడు.

పట్టుకుని దూరంగా అడవిలో వదిలేయమని చాలామంది అడుగుతారు. టెక్సస్‌లో అది కుదరదు. రేబీస్ క్వారంటైన్ నిబంధనల కింద ప్రాణంతో ఉన్న కయోటీని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలించడం నిషేధం. 1995 నుంచి దక్షిణ టెక్సస్‌లో విమానాల్లోంచి టీకా మందు నింపిన ఎరలు జారవిడిచి, కయోటీల్లో పాకుతున్న రేబీస్‌ను అణిచారు. ఆ కష్టం వృథా కాకూడదనే ఈ కట్టడి. బోనులో పడ్డదాన్ని చంపడమే జరుగుతుంది, ఖాళీ అయిన వాగులోకి కొన్నాళ్లకు ఇంకో జంట దిగుతుంది. మనిషిని కరిచినదాన్ని తీసేయాల్సిందే, అందులో సందేహం లేదు. మిగతావాటిని భయపెట్టి దూరం పెట్టడమే దారి. విషం మాట మాత్రం ఎత్తకండి. అది చట్టవిరుద్ధం, పైగా ముందు చచ్చేది పక్కింటి పిల్లి.

భయపెట్టడంలో ఒక పద్ధతి ఉంది. ఖాళీ సోడా డబ్బాలో పది పదిహేను చిల్లర నాణేలు వేసి మూతికి టేపు చుట్టి వాకిట్లో ఒకటి, వెనక తలుపు దగ్గర ఒకటి పెట్టాను. కయోటీ కనపడగానే దాని కళ్లలోకి చూస్తూ, చేతులు రెండూ పైకెత్తి, డబ్బా ఆడిస్తూ, గొంతెత్తి “పో! పో అవతలికి!” అని అరుస్తూ దాని వైపే రెండడుగులు వేయాలి. అది కొంత దూరం పోయి, ఆగి, వెనక్కి తిరిగి చూస్తుంది. చాలామంది అక్కడ ఆపేస్తారు, తప్పు జరిగేది అక్కడే. కాసేపు ఓపిక పడితే మనిషే వెనక్కి తగ్గుతాడని అది నేర్చుకుంటుంది. కనుచూపు మేర దాటేదాకా అరుపు ఆపకూడదు. కిటికీలోంచి, కారులోంచి అరిస్తే లాభం లేదు. ఆ శబ్దం మనిషి చేస్తున్నదని దానికి కనపడాలి. వారం వారం పనిముట్టు మార్చాలి: ఒకసారి డబ్బా, ఒకసారి ఈల, ఒకసారి నీళ్ల గొట్టం, ఒకసారి ఎయిర్ హార్న్. హార్న్ కొట్టేముందు మన కుక్క పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకోవాలి, బెదిరి లాక్కుపోతుంది. జబ్బుతో ఉన్నదాన్నీ, మూల చిక్కి దారి లేనిదాన్నీ, పిల్లలున్న బొరియ దగ్గర ఉన్నదాన్నీ ఇలా తరమకూడదు. అలాంటప్పుడు దాన్నే చూస్తూ వెనక్కి అడుగులు వేసుకుంటూ వచ్చేయాలి.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు, అత్తమామలకు విడిగా చెప్పాలి. పొద్దున్నే, సందెవేళ వాగు పక్క బాటలో నడిచేది ఎక్కువగా వాళ్లే. మన ఊళ్లో వీధికుక్క మీదికొస్తే రాయి కోసం వంగితే చాలు, పారిపోతుంది. ఇక్కడ వంగకూడదు, వంగితే మనిషి చిన్నగా కనపడతాడు. “అత్తయ్యా, వెనక్కి తిరిగి పరుగెత్తకండి, బాబును ముందు ఎత్తుకోండి” అని చెప్పి ఒకసారి చేయించి చూపించాను. జేబులో ఈల, చేతిలో కర్ర ఉంటే వంగే పనే లేదు.

ఇక కంచె. మాది ఆరడుగుల దేవదారు పలకల కంచె. పని మూడు చోట్ల: పైఅంచు, నేల, గేటు.

పైఅంచుకు రోలర్ పెట్టాను. కాలు వేసిన చోట గొట్టం గిర్రున తిరిగితే దానికి పట్టు దొరకదు, కింద పడుతుంది. కొనే అల్యూమినియం రోలర్లు ఉన్నాయి, బాగుంటాయి, ఖరీదు ఎక్కువ. నేను పీవీసీతో చేసుకున్నాను: లోపల ఒక అంగుళం గొట్టం, దాని మీద మూడంగుళాల గొట్టం, లోపలిదాని గుండా ఉక్కు తీగతాడు, చివర్లో బిగించడానికి టర్న్‌బకిల్, నాలుగడుగులకు ఒక ఎల్ బ్రాకెట్. మొదట ఎనిమిదడుగుల ముక్కలు వేశాను. ఎండ పెరగ్గానే మధ్యలో కుంగి చెక్కకు రాసుకుని తిరగడం ఆగిపోయాయి. విప్పి సగానికి కోశాను. పైగొట్టం బ్రాకెట్ల మధ్య దూరం కన్నా రెండంగుళాలు తక్కువ ఉండాలి, లేకపోతే ఇరుక్కుంటుంది. గొట్టం పైభాగం పలక అంచు కన్నా ఎత్తులో ఉండాలి, కిందుంటే పంజాకు చెక్క దొరికినట్టే. పీవీసీ ఎండకు పెళుసెక్కుతుంది కాబట్టి రంగు తప్పనిసరి. గేటు మీద కూడా రోలర్ వేయాలి. కంచె పక్కన ఏసీ యూనిట్, పూలకుండీ, కట్టెల మోపు ఉంటే జరపాలి, వాటి మీద కాలు వేస్తే ఆరడుగులు మూడడుగులు అయిపోతాయి.

నేల దగ్గర గాల్వనైజ్డ్ వెల్డ్ మెష్, మూడడుగుల వెడల్పు. ఒక అడుగు కంచెకు ఆనించి ఆరంగుళాలకొక యు-మేకు కొట్టాను, రెండడుగులు బయటి నేల మీద పరిచి మట్టి కప్పాను. తవ్వే జంతువు కంచె మొదట్లోనే గోకుతుంది, కాలి కింద తీగ తగిలితే వదిలేస్తుంది. వాగు వైపు నేల మాది కాదు, అందుకని అటువైపు మెష్‌ను పలకల కిందుగా అడుగు లోతు నిలువుగా దింపాను. తవ్వే ముందు, నేలలో తీగలు, గొట్టాలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టి చూపే 811 సేవకు ఫోన్ చేయాలి, రెండు పనిదినాల ముందే. ఉచితంగా వచ్చి రంగులు వేసి పోతారు: పసుపు గ్యాసు, ఎరుపు కరెంటు, నీలం మంచినీళ్లు, నారింజ ఇంటర్నెట్ తీగలు. నారింజ గీత నా కంచెకు జానెడు దూరంలోనే ఉంది. అక్కడ పార వాడకుండా చేత్తో మట్టి తీసే చిన్న తాపీయే వాడాను.

హోమ్ ఓనర్స్ అసోసియేషన్ అనుమతి మూడు వారాలు తిన్నది. మొదటి దరఖాస్తు “కంచె ఎత్తు పెంపు” అని తిప్పి పంపారు. రెండోసారి స్థలం సర్వే కాపీ మీద కంచె గీత గుర్తించి, బ్రాకెట్‌తో కలిపి మొత్తం ఎత్తు కొలత వేసి, గొట్టం రంగు నమూనా, ఉమ్మడి కంచె కాబట్టి పక్కింటివారి సంతకం జతచేశాను. టెక్సస్ ఆస్తి చట్టంలో 2021లో చేర్చిన 202.023 సెక్షన్ కూడా రాశాను. భద్రత కోసం వేసుకునే చుట్టుకంచెను అసోసియేషన్లు అడ్డుకోకూడదని అది చెబుతుంది, కానీ ఏ రకం కంచె అన్నది నియంత్రించే హక్కు వాళ్లకు ఉంచింది. కాబట్టి సెక్షన్ పట్టుకుని పోట్లాడటం కన్నా రంగు, ఎత్తు విషయంలో వాళ్ల మాట వినడం మేలు. సంతకాలు పడ్డాక పని రెండు శనివారాల్లో అయిపోయింది.

కదలికకు వెలిగే లైట్లు, నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ కొన్ని వారాలు పనిచేస్తాయి. చోటు మార్చకపోతే వాటికి అలవాటు పడిపోతుంది. తోడేలు మూత్రం సీసాలు, మనకు వినపడని శబ్దం చేసే పెట్టెలు కొనకండి.

కంచె ఎంత గట్టిదైనా చిన్న కుక్కను చీకట్లో ఒంటరిగా వదలను. రాత్రి టార్చితో పక్కన నిలబడతాను. నడకకు ఆరడుగుల మామూలు పట్టీ వాడతాను. సాగే పట్టీతో కుక్క ఇరవై అడుగులు ముందుంటే దాన్ని ఎత్తుకునే వ్యవధి ఉండదు.

కరిస్తే: మనిషికైతే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. 911కు చెప్పాలి. ముందు రేబీస్ టీకా లేనివారికి మొదటి రోజు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే యాంటీబాడీల ఇంజెక్షన్), టీకా 0, 3, 7, 14 రోజుల్లో. కుక్కకు టీకా సమయానికి పడి ఉంటే వెంటనే బూస్టర్ వేసి 45 రోజులు ఇంట్లో కట్టడిలో ఉంచుతారు. టీకా లేకపోతే 90 రోజుల ఏకాంతం, మధ్యలో మూడో వారం, ఎనిమిదో వారం బూస్టర్లు. అందుకే టీకా కాగితం ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాను. గాయం పైకి చిన్న చిల్లులా కనపడినా వైద్యుడికి చూపించాలి, కోరలు లోపల కండను చీల్చి ఉంటాయి.

ఇక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే. వానకు ఉబ్బుతుంది, ఆగస్టుకు అరచేయి పట్టేంత బీటలు విచ్చుకుంటుంది. ఆ బీటల్లో, నేల మీద పరిచిన మెష్‌ను పట్టి ఉంచే ఆరంగుళాల పొడవు మేకులు ఊడి పైకొచ్చేశాయి. వాటి బదులు కొనకు వంపు తిప్పిన అడుగు పొడవు ఇనుప చువ్వలు దిగ్గొట్టాను. గేటు కింద సందు మేలో మూడంగుళాలు ఉన్నది ఆగస్టులో అయిదు అయింది. నాలుగు దాటకూడదు. గేటు అడుగున ఒక చెక్కపట్టీ బిగించి, ప్రతి నెలా ఒకటో తారీఖున పిడికిలి పెట్టి చూస్తున్నాను.