మగపెళ్ళివారి విడిదికి లాడ్జి గదులు మాట్లాడేటప్పుడు

నల్లగొండలో పెళ్ళి అంటే ఫంక్షన్ హాలు దొరికితే సగం పని అయిపోయినట్టేనని అందరూ అనుకుంటారు. హాలు వాళ్ళిచ్చే ఒకటి రెండు గదులు పెళ్ళికూతురి ముస్తాబుకు, పెళ్ళికొడుకు బట్టలు మార్చుకోవడానికే సరిపోతాయి. జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా ముందురోజు సాయంత్రానికే దిగే పాలమూరు వియ్యాలవారికి విడిది చూపించాలంటే లాడ్జిలో గదులు మాట్లాడక తప్పదు. మా కుటుంబంలో ఆ పని చాలాకాలంగా నా వాటాకే వస్తోంది.

ఆషాఢంలో, పుష్యంలో, మూఢాల్లో ముహూర్తాలు ఉండవు కనుక పెళ్ళిళ్ళన్నీ మాఘ, ఫాల్గుణ, వైశాఖ, శ్రావణాల్లో కొన్ని తేదీల మీదే వచ్చి పడతాయి. మాఘంలో అయితే చెర్వుగట్టు జాతర, రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర కూడా వాటికి తోడవుతాయి. శ్రావణంలో కృష్ణకు వరద బాగా వచ్చి నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారంటే అక్కడి హిల్ కాలనీలో ఆదివారం పూట గది దొరకడం కష్టం. ఇలాంటి రోజుల్లో లాడ్జి యజమానికి మన అవసరం ఎంత ఉంటుందో, మనకు ఆయన అవసరం అంతకు పదింతలు ఉంటుంది. అయినా మనవాళ్ళు కౌంటరు ముందు నిలబడి గదికి రెండు వందలు తగ్గించమని గంటసేపు బేరమాడి, గది ఎన్ని గంటలకు ఇస్తారు, ఎన్ని గంటలకు ఖాళీ చేయాలి అన్న మాట అడగకుండానే లేచి వస్తారు. నన్నడిగితే బేరం ముందు సమయం మీద సాగాలి, డబ్బు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మా తమ్ముడి బిడ్డ పెళ్ళి ముహూర్తం పగలు పదకొండు గంటల నలభై నిమిషాలకు కుదిరింది. ఆసారి గదులు మాట్లాడింది నేను కాదు, పెళ్ళిపెద్దల్లో ఒకరు. ఆ లాడ్జి నియమం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలకు గది ఖాళీ చేయాలి. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు మగపెళ్ళివారంతా హాల్లో ఉంటే, వాళ్ళ సామాన్లు గదుల్లో ఉన్నాయి. తలంబ్రాలు పూర్తయి భోజనాల బంతి లేచేసరికి రూమ్ బాయ్‌లు సూట్‌కేసులన్నిటినీ తెచ్చి మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన పేర్చేశారు. పెళ్ళికొడుకు మేనత్త అప్పగింతలకు కట్టుకోవాలని ఇస్త్రీ చేయించి హ్యాంగరుకు తగిలించిన పట్టుచీర కూడా ఆ కుప్ప మీదే ఉంది. ఆమె మాకు ఒక్క మాట అనలేదు, కానీ ఆ తర్వాత రెండు పండుగల దాకా మా మరదలికి ఫోను కూడా చేయలేదు.

ఇరవై నాలుగు గంటల పద్ధతి ఉన్న లాడ్జి అయితే ఈ తిప్పలు ఉండవని కొందరు ధీమాగా చెబుతారు. అది సగమే నిజం. మనం సాయంత్రం ఆరుకు దిగితే మరునాడు ఆరు దాకా గది మనదేనన్న సంగతి వాస్తవమే, కానీ అదే నియమం మనకంటే ముందు ఆ గదిలో ఉన్నవారికీ వర్తిస్తుంది. నిన్న రాత్రి తొమ్మిదింటికి దిగిన మనిషిని ఈరోజు రాత్రి తొమ్మిది వరకు ఎవరూ కదిలించలేరు. పది గదులు చెప్పిన చోట సాయంత్రానికి ఏడే చేతికి రావడానికి ఎక్కువసార్లు మోసం కాదు, ఈ లెక్కే కారణం. అందుకని ఇరవై నాలుగు గంటల లాడ్జిలో గదులు దొరికే వేళను, మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయించే హోటల్లో వదిలే వేళను ప్రత్యేకంగా ఖాయం చేసుకోవాలి. పన్నెండుకు ఖాళీ చేయించే హోటల్లో అన్ని గదులకూ పొడిగింపు ఇవ్వమంటే ఒప్పుకోరు. రెండు గదులను సాయంత్రం ఆరు దాకా ఉంచుకుని, పూట కిరాయి అదనంగా కట్టి, సామాన్లన్నీ వాటిలోకి చేర్పించి తాళాలు మన మనిషి దగ్గర పెట్టుకుంటే పని జరిగిపోతుంది.

ఫోనులో మాట తీసుకుని నిశ్చింతగా ఉండడం పెళ్ళిళ్ళ కాలంలో పనికిరాదు. "పది రూములే కద సార్, యాడికి పోతయ్, మీరేం ఫికర్ చెయ్యకుండ్రి" అన్న మేనేజరు నిజాయితీగానే అని ఉండవచ్చు. కానీ రాత్రి కౌంటరులో కూర్చునే కుర్రవాడికి ఆ మాట తెలియదు, అతని ముందున్న రిజిస్టరులో మన పేరు ఉండదు. అడ్వాన్సు ఇచ్చిన రోజునే గదుల నంబర్లు, అంతస్తు, ఇచ్చే వేళ, వదిలే వేళ, పన్నుతో కలిపి గది కిరాయి, అదనపు పరుపు రేటు, చెల్లించిన మొత్తం అన్నీ ఒకే వాట్సాప్ సందేశంలో రాసి మేనేజరుకు పంపి, ఆయన చేత "ఓకే" అనిపించుకోవాలి. దాని ప్రింటు ఒకటి రిజిస్టరులో పిన్ను చేయించుకుంటే మరీ మంచిది. మైల వచ్చి పెళ్ళి వాయిదా పడితే అడ్వాన్సును కొత్త ముహూర్తానికి మార్చుకోనిస్తారా అన్న ప్రశ్న అడగడానికి నోరు రాదు, అశుభం పలికినట్టు ఉంటుంది. అయినా ఆ వాక్యం కూడా అందులో ఉండాలి.

అడ్వాన్సు ఇచ్చే ముందు గదులు కళ్ళతో చూడాలి, చూపించే ఒక్క గదిని కాదు. పాత లాడ్జిల్లో ఒకే అంతస్తులో కొన్ని గదులకు కమోడ్, కొన్నిటికి నేల మరుగుదొడ్డి ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఆ తేడా మర్యాదల కంటే ముఖ్యం. వేడినీళ్ళు గీజరువా, సోలారువా అని అడగాలి. సోలారు అయితే తెల్లవారుజామున మొదట లేచిన నాలుగైదు గదుల వాళ్ళే నీళ్ళన్నీ ఖాళీ చేస్తారు, మిగిలినవాళ్ళు చన్నీళ్ళ బకెట్టు ముందు నిలబడి ఆడపిల్లవారిని తలచుకుంటారు. కరెంటు పోతే జనరేటరు మీద లిఫ్టు నడుస్తుందా లేదా అన్నది కూడా అప్పుడే కనుక్కోవాలి.

గదికి ఇద్దరు అన్నది హోటలు లెక్క, నలుగురు అన్నది మన లెక్క. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను దాచిపెట్టి రాత్రి పదింటికి కౌంటరు దగ్గర గొడవ పడడం కంటే, ఎంతమంది వస్తున్నారో ముందే చెప్పి, మనిషికింతని తేల్చుకోవడం గౌరవంగా ఉంటుంది. కుర్రవాళ్ళందరికీ మీటింగు హాలు ఒకటి మాట్లాడి, టెంట్ హౌసు నుంచి పరుపులు, దిండ్లు తెప్పించి వేయిస్తామంటే కొందరు యజమానులు ఒప్పుకుంటారు, గదుల కంటే ఖర్చూ తక్కువే. వ్యాన్ల డ్రైవర్లకు పడక ఎక్కడన్నది మాత్రం ఎవరూ అడగరు. రాత్రంతా సీటులోనే కునికిన మనిషి మరునాడు మనవాళ్ళను వెనక్కి తీసుకెళ్ళాలి కదా.

గుర్తింపు కార్డుల పని కూడా ముందే పూర్తి చేసుకోవాలి. నలభై మంది ఒకేసారి దిగి కౌంటరు ముందు జిరాక్సుల కోసం వెతుక్కోవడం చూడముచ్చటగా ఉండదు. అందరి కార్డులూ ముందురోజే తెప్పించుకుని జాబితాగా ఇస్తే తాళాలు వెంటనే చేతికి వస్తాయి. ఆధార్ అయితే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ప్రతి ఇమ్మని చెప్పండి. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్య కొడుకు లాంటివారు వస్తుంటే హోటల్ వారికి ముందే తెలియజేయాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారి వివరాలను వారు 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి, ఆ అలవాటు లేని చిన్న లాడ్జి వాళ్ళు ఆఖరి నిమిషంలో గది ఇవ్వలేమంటారు.

ఇక బిల్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పద్దెనిమిది వందల చొప్పున పన్నెండు గదులు తీసుకుంటే కిరాయి 21,600, దాని మీద పన్ను 1,080. పాత అలవాటుతో 12 శాతం వేసి 2,592 రాస్తే అడిగి దిద్దించుకోవచ్చు. జీఎస్టీ నమోదు లేని లాడ్జి అసలు పన్ను వసూలు చేయకూడదు. సర్వీసు చార్జీని మనల్ని అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది, ఒప్పుకోకపోతే 1915కు ఫోను చేయవచ్చు.

అంతకంటే సున్నితమైనది గదుల్లోకి తెప్పించుకున్న వాటి ఖర్చు. పెళ్ళికొడుకు స్నేహితులు అర్ధరాత్రి చెప్పిన చికెన్ పకోడీలు, కూల్‌డ్రింకులు, ఇస్త్రీ బట్టల లెక్క పొద్దున ఆడపిల్ల తండ్రి ముందుకు వస్తుంది, ఆయన కాదనలేడు. గది కిరాయి, టిఫిను, టీలు మా లెక్క, మిగిలింది ఎవరు చెబితే వారి దగ్గరే తీసుకోండి అని హోటలుకు ముందే రాసి ఇవ్వాలి. ఆ సంగతి వియ్యంకుడి చెవిన మధ్యవర్తి ద్వారా నవ్వుతూ వేయించాలి, నేరుగా చెబితే మాట పడుతుంది.

గదులు వదిలేటప్పుడు వచ్చే తగవు పసుపు మరకలది. తెల్ల దుప్పటి మీద పసుపు, గోరింటాకు పడితే ఉతికినా పోదని హోటల్ వారు దుప్పటి ఖరీదంతా వేస్తారు, అందులో వాళ్ళ తప్పూ లేదు. ఇంట్లోని పాత రంగు దుప్పట్లు గదికి రెండు చొప్పున పంపి మంచాల మీద పరిపిస్తే ఆ ఖర్చు తప్పుతుంది. ఇవ్వదలచుకున్న బక్షీసును మాత్రం కౌంటరులో కట్టకుండా, బకెట్లు మోసిన కుర్రవాళ్ళను పిలిచి వాళ్ళ చేతికే ఇవ్వండి.