రూపాయికి ఎనిమిది పైసలు

నల్లగొండలో ఇల్లు కట్టుకున్న ఏడాది నేను ఒక్క పుస్తకం కూడా చదివి పూర్తి చేయలేదు. ముగ్గు పోసిన నాటి నుండి గృహప్రవేశం దాకా పదమూడు నెలలు పట్టింది. పునాదులు తవ్వుతున్న రోజుల్లో మొదలుపెట్టిన ఒక నవల అరవై మూడో పేజీ దగ్గర ఆగిపోయింది. దాని వెనుక అట్ట లోపలి వైపు సిమెంటు బస్తాల లెక్క, ఇసుక ట్రాక్టర్ల లెక్క, సెంట్రింగు వాళ్ళకు ఇచ్చిన అడ్వాన్సు నా చేతిరాతలోనే ఉన్నాయి. ఆ సమయానికి చేతికి అందిన కాగితం అదొక్కటేనని సర్దిచెప్పుకోవచ్చు గాని, ఆ నెలల్లో పుస్తకం నాకు ఉత్త కాగితంగానే మిగిలిందన్నది నిజం.

పని ముగిశాక చదువు దానంతట అదే తిరిగి వస్తుందనుకున్నాను. రాలేదు. సాయంత్రం వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే రెండు పేజీలు తిరగకముందే చెవి ఫోను వైపు పోయేది. మేస్త్రి ఫోన్లు ఆగిపోయి రెండు నెలలు గడిచినా, స్లాబుకు నీళ్ళు పట్టారో లేదో అన్న ఆందోళన మాత్రం ఒంట్లో అలాగే ఉండిపోయింది.

అటువంటి రోజుల్లో కొత్త ఇంటికి మొదటి ఆస్తి పన్ను రసీదు వచ్చింది. అందులో గ్రంథాలయ సెస్సు పేరిట విడిగా ఒక చిన్న మొత్తం కనబడింది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలు చేసే డబ్బు అది. ఏ ఇంటి కోసం చదువు మానుకున్నానో ఆ ఇంటి మీదే గ్రంథాలయానికి పన్ను కడుతున్నానన్న సంగతి నన్ను కొంచెం నవ్వించింది, కొంచెం గుచ్చింది. కట్టిన డబ్బుకు ఫలితం రాబట్టుకోవాలన్న ఇల్లు కట్టినవాడి బుద్ధి కూడా అందులో లేకపోలేదు. మరుసటి ఆదివారం జిల్లా గ్రంథాలయానికి వెళ్ళాను.

అక్కడ కుర్చీ దొరకడమే కష్టమైంది. గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు సిద్ధమవుతున్న పిల్లలు తమ పుస్తకాలు, నీళ్ళ సీసాలు, అన్నం డబ్బాలు తెచ్చుకుని పొద్దుటి నుండే కూర్చున్నారు. కథలు, నవలలు ఉన్న బీరువా దగ్గర మాత్రం ఎవరూ లేరు. నేను ఒక పుస్తకం తీసుకుని బల్ల చివర కూర్చోగానే పక్కనున్న అబ్బాయి మర్యాదగా, "సార్, మీరు ఏ పరీక్షకు చదువుతున్నరు?" అని అడిగాడు. పరీక్ష ఏదీ లేదని, ఊరికే చదువుతున్నానని చెప్పాను. "ఊరికేనా!" అన్నాడు. ఆ గొంతులో వెక్కిరింత లేదు. అటువంటి వెసులుబాటు తనకు ఎప్పుడు వస్తుందోనన్న ఆశ వినబడింది.

నేను తీసినది వట్టికోట ఆళ్వారుస్వామి జైలు కథల సంపుటి. నకిరేకల్ దగ్గరి పల్లెలో 1915లో పుట్టి, ఒక పంతులుగారి ఇంట్లో వంట చేస్తూ చదువు నేర్చుకుని, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్ది, 1938లో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించి, పుస్తకాలను మోసుకుంటూ తిరిగి అమ్మిన మనిషి ఆయన. వంటింటి పనికీ చదువుకూ మధ్య ఆయన సమయం ఎలా చేసుకున్నాడో ఊహించుకుంటే నా పదమూడు నెలల సాకు నాకే చిన్నదిగా కనిపించింది. అయినా నన్ను ఆ పుస్తకం దగ్గర కూర్చోబెట్టింది సిగ్గు కాదు, కథల నిడివి. ఒకసారి కూర్చుంటే ఒక కథ ముగుస్తుంది. ముగించానన్న తృప్తి కోసమే మర్నాడు మరొకటి తెరిచాను. లావు నవలతో మొదలుపెట్టడమే ఇంతకాలం నేను చేసిన పొరపాటని ఇప్పుడు అనిపిస్తున్నది.

ఆ సంపుటి తిరిగి ఇచ్చిన తరువాత అరవై మూడో పేజీ దగ్గర ఆగిన నవలను మళ్ళీ మొదటి పేజీ నుండి చదివాను. ఫోను లోపలి గదిలో పెట్టి, పదకొండు రోజుల్లో పూర్తి చేశాను. చివరి పేజీ తిప్పగానే ఎదురైన అట్ట మీది లెక్కను కూడా అదే ఊపులో చదివితే, ఒకే ఇసుక ట్రాక్టరు రెండుసార్లు లెక్కలోకి ఎక్కినట్టు తేలింది. ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.